కాలువ దాటిన పుస్తకం మెట్టు దాటాలి

"టీచర్ గారండీ, ఆ పుస్తకం లైబ్రరీలో ఉందంటండీ. మరి నేనెలా చదవాలండీ?"

మా వీధి కుర్రాడు అడిగిన మాట ఇది. పుట్టుకతోనే చూపు లేదు. చూపులేని పిల్లల హాస్టల్ స్కూల్లో పదో తరగతి దాకా బ్రెయిలీలో చదివాడు. డిగ్రీ అందరితో పాటు మామూలు కాలేజీలో చేశాడు. ఇప్పుడు గ్రూప్స్ పరీక్షలకు తయారవుతున్నాడు. అతనికి కావలసింది ఆంధ్రుల చరిత్ర మీద ఒక తెలుగు పుస్తకం. అది బీరువాలో ఉంది, కేటలాగులో ఉంది, ఎవరూ పట్టుకెళ్లలేదు కూడా. అయినా అతనికి అది లేనట్టే లెక్క.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరై, రావులపాలెంలో ఉంటున్నాను. గోదావరి వంతెన దిగగానే తగిలే ఊరు మాది, కోనసీమకు గుమ్మం. పొద్దున్నే అరటి మార్కెట్లో చక్కెరకేళి, కర్పూర గెలలు దిగుతుంటే హైవే మీద లారీలు బారులు తీరి ఉంటాయి. ఆ సందడి తగ్గాక, మధ్యాహ్నం వీధి కాస్త సద్దుమణిగిన వేళ కూర్చుని, చూపులేని పిల్లల కోసం పుస్తకాలు పైకి చదివి ఫోన్లో రికార్డు చేసి పంపుతుంటాను. ఈ పనిలో దిగాక నాకు గట్టిగా తెలిసొచ్చింది ఒకటుంది. అచ్చు పుస్తకం చదవలేనివాళ్లకు దాన్ని అందించే సాధనాల్లో చాలా భాగం ఉచితంగానే దొరుకుతున్నాయి. చట్టం కూడా పాఠకుడి పక్షానే ఉంది. కొరత రెండు చోట్ల ఉంది. తెలుగు పాఠం సరైన రూపంలో దొరకదు. పుస్తకాన్ని ఇలా అందించడం రోజువారీ గ్రంథాలయ పనేనని ఇంకా మనం అనుకోవడం లేదు.

పుస్తకాన్ని పాఠకుడి దగ్గరికి మోసుకెళ్లడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. గ్రంథాలయోద్యమ పితామహుడని మనం చెప్పుకొనే అయ్యంకి వెంకటరమణయ్య గారు 1890లో పుట్టింది తూర్పుగోదావరిలోని కొంకుదురులో. రాజమండ్రిలో నాళం కృష్ణారావు గారు 1898లో మొదలుపెట్టిన వసురాయ గ్రంథాలయం నుంచే నేటి గౌతమీ గ్రంథాలయం ఎదిగింది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయాల ప్రతినిధులు మహాసభగా కూడారు. ఇక 1935లో పాతూరి నాగభూషణం గారు చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారాయన. బస్సులు అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో జనం ప్రయాణించే దారి కాలువే కనుక, పుస్తకాన్నీ ఆ దారినే పంపారు. పడవలో కూర్చున్నవాళ్లూ చదివారు, ఒడ్డున ఉన్న ఊళ్లవాళ్లూ చదివారు.

ఆ రోజుల్లో మనమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. అక్కడి విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాశారు. అందులో రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలని. చూపున్న పాఠకుడికని గానీ మెట్లెక్కగల పాఠకుడికని గానీ ఆయన మినహాయింపు పెట్టలేదు. పైగా మన గ్రంథాలయాలు నడిచేది ఎవరి దయతోనో కాదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. మా కుర్రాడి నాన్నగారూ కడుతున్నారు. కాబట్టి అతను గ్రంథాలయాన్ని అడిగేది సాయం అనుకోకూడదు. తన ఇంటివాళ్లు డబ్బు కట్టిన సేవ అది.

ముందు గుమ్మం దగ్గర మొదలుపెడదాం. ఒకవైపు గౌతమి, ఇంకొకవైపు వసిష్ఠ ఉన్న నేల మాది. వరద భయం తెలిసినవాళ్లం గనక ఇళ్లయినా ఆఫీసులైనా పునాది ఎత్తుగా వేసి కడతాం. అందుకే కోనసీమలో గ్రంథాలయానికైనా బడికైనా ముందు నాలుగైదు మెట్లు తప్పవు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు, మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లకు, చంకలో కర్రతో నడిచేవాళ్లకు పుస్తకం అక్కడే ఆగిపోతుంది. ర్యాంపుకు లెక్క ఉంది. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. అంటే మూడడుగుల అరుగుకు ముప్పై ఆరు అడుగుల వాలు కావాలి. మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడానికి చదునైన చోటు, రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీ కూడా ఉండాలి. ముందు అంత స్థలం లేకపోతే గోడ వెంబడి మలుపు తిప్పి కట్టొచ్చు. ఇది తెలియక, లేదా తెలిసీ తొందరపడి, మెట్ల పక్కన మిగిలిన జాగాలో నిట్టనిలువుగా సిమెంటు పోసి ర్యాంపు కట్టేశామంటారు. మా ప్రాంతంలోనే ఒక ఆఫీసు ముందు అలాంటిది చూశాను. చక్రాల కుర్చీని వెనకనుంచి ఇద్దరు నెట్టినా అది ఎక్కదు. చివరికి దాని మీద మోటారు సైకిళ్లు నిలబెడుతున్నారు.

గుమ్మం దాటాక కూడా పని ఉంది. తలుపు కనీసం మూడడుగుల వెడల్పు ఉండాలి. బీరువాల మధ్య కుర్చీ తిరగగలగాలి. శాఖా గ్రంథాలయంలో జనం ఎక్కువగా కూర్చునేది దినపత్రికల బల్ల దగ్గర. ఆ బల్ల కింద అడ్డకర్ర ఉంటే చక్రాల కుర్చీ లోపలికి పోదు, మనిషి పేపరుకు అడుగు దూరంలో ఆగిపోతాడు. వడ్రంగి ఒక పూటలో ఆ అడ్డకర్ర తీసేసి వేరేచోట బిగించగలడు. ఇలాంటివి సర్క్యులర్ల కోసం ఆగాల్సిన పనులు కావు.

అయినా చట్టం సంగతి తెలుసుకుని ఉండటం మంచిది. 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చూపు, వినికిడి, నడక మాత్రమే కాదు, అక్షరాలు తారుమారుగా తోచే చదువు ఇబ్బంది కూడా అందులో ఉంది. అప్పటికే కట్టి ఉన్న ప్రజా భవనాలన్నిటినీ నిబంధనలు వచ్చిన అయిదేళ్లలో అందరూ వాడుకునేలా మార్చాలని ఆ చట్టంలోనే రాసి ఉంది. ఆ గడువు 2022లోనే దాటిపోయింది. చూపులేని రాజీవ్ రతూరి అనే ఆయన 2005లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న తీర్పు ఇస్తూ, ఈ ప్రమాణాలు వీలుంటే పాటించే సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరిగా పాటించి తీరాల్సిన నిబంధనలు తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. గ్రంథాలయం ముందు ర్యాంపు అడగడానికి ఎవరూ మొహమాటపడనక్కరలేదు.

మెట్టు దాటించడానికి సిమెంటు చాలు. అచ్చు దాటించడం అంతకంటే కష్టం. నాకు ఎక్కువ చెప్పాలని ఉన్నది కూడా దాని గురించే.

బ్రెయిలీ గురించి చాలామంది వినే ఉంటారు, ఎలా పనిచేస్తుందో మాత్రం తెలిసినవాళ్లు తక్కువ. ఫ్రాన్స్‌లో లూయీ బ్రెయిలీ మూడేళ్ల వయసులో తండ్రి జీను పనిముట్టు కంట్లో గుచ్చుకుని చూపు పోగొట్టుకున్నాడు. పదిహేనేళ్లకే, 1824లో, ఆరు చుక్కలతో అక్షరాలు కట్టాడు. ఆరు చుక్కల్ని రకరకాలుగా కలిపితే 63 గుర్తులొస్తాయి. మన దేశంలో భాషకొక పద్ధతి పెట్టుకుంటే కష్టమని 1951లో భారతీ బ్రెయిలీని ఖాయం చేశారు. తెలుగు 'క' కీ హిందీ 'క' కీ తమిళ 'క' కీ ఒకే చుక్కలు, ఒకటోది, మూడోది. తెలుగు బ్రెయిలీ వచ్చిన పిల్లవాడు హిందీ పేజీ మీద వేలు పెట్టినా అక్షరాలు గుర్తుపడతాడు.

మన గుణింతం, ఒత్తులు అందులో ఏమవుతాయన్నది తెలుగు టీచరుగా నాకు మొదట కలిగిన సందేహం. మా కుర్రాడే పక్కన కూర్చుని నేర్పాడు. అక్షరానికి పైనా కిందా తగిలించడాలు బ్రెయిలీలో ఉండవు, అన్నీ ఒకే వరుసలో నడుస్తాయి. 'కి' రాయాలంటే 'క' పెట్టి పక్కన 'ఇ' పెడతారు. 'అమ్మ' రాయాలంటే ముందు 'అ', తర్వాత నాలుగో చుక్క ఒక్కటి, ఆ తర్వాత రెండు 'మ'లు. ఆ నాలుగో చుక్క పొల్లు గుర్తు. దాని వెంట వచ్చే హల్లుకు అచ్చు లేదని అది ముందే చెబుతుంది. మనం కాగితం మీద పొల్లును హల్లు రాశాక తగిలిస్తాం. వేలితో చదివేవాడికి వెనక్కి వెళ్లి సవరించుకునే పని లేకుండా అక్కడ దాన్ని ముందుకు తెచ్చారు. ఎంత ఆలోచించి చేశారో చూడండి.

బ్రెయిలీకి ఉన్న కష్టం బరువు. చుక్క ఉబికి నిలవడానికి దళసరి కాగితం కావాలి. మామూలు నవల ఒకటి బ్రెయిలీలో కొన్ని పెద్ద సంపుటాలవుతుంది. పాఠ్యపుస్తకాలు దాటితే తెలుగులో దొరికేవి తక్కువ. అందుకని చాలామంది దానికి కాలం చెల్లిందంటారు. నేను ఒప్పుకోను. విని చదివినవాడికి కథ తెలుస్తుంది, వేలితో చదివినవాడికి అక్షరం తెలుస్తుంది. 'శేషం'లో శ ఏదో ష ఏదో చెవికి అందకపోవచ్చు గానీ వేలికి అందుతుంది. పరీక్ష రాయాల్సిన పిల్లలకు ఈ తేడా చిన్నది కాదు. ఇంకో సంగతి, అంధుల సాహిత్యం కట్టలకు మన పోస్టాఫీసు 7 కిలోల దాకా స్టాంపు రుసుము తీసుకోదు. దూరాన ఉన్న బ్రెయిలీ గ్రంథాలయం పుస్తకం పంపినా, చదివి తిప్పి పంపినా పైసా ఖర్చు లేదు. ఈ సౌకర్యం ఉందని శాఖా గ్రంథాలయంలో ఒక బోర్డు మీద రాసి పెట్టినా ఎందరికో ఉపయోగం.

ఇప్పటి పిల్లల చేతిలో ఫోను ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్ అనే సదుపాయం మొదటినుంచీ ఉంటుంది. సెట్టింగుల్లో ఆన్ చేస్తే తెర మీద వేలు పెట్టినచోట ఏముందో తెలుగులో చదివి చెబుతుంది. కంప్యూటరుకైతే ఎన్‌వీడీఏ ఉంది. ఆస్ట్రేలియాలో చూపులేని మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టిన ప్రోగ్రాం అది. తర్వాత, చూపులేని మరో మిత్రుడు జేమ్స్ టే కలిశాడు. తెర చదివే సాఫ్ట్‌వేరు కొనాలంటే వేలకు వేలు పోయాల్సిన కాలంలో, చూపున్నవాళ్లకు కంప్యూటరు వాడటానికి అదనపు ఖర్చు లేనప్పుడు మాకెందుకుండాలి అన్నది వాళ్ల వాదన. అందుకే దాన్ని ఉచితంగా ఇచ్చారు, ఇప్పటికీ ఇస్తున్నారు. తెలుగు గొంతు కూడా ఉంది. మొదట విన్నప్పుడు ఆ గొంతు మరమనిషిలా అనిపిస్తుంది. మా కుర్రాడు దాన్ని నాకు ఒక్క ముక్క అర్థం కానంత వేగంతో పెట్టుకుని హాయిగా వింటాడు.

"అర్థమవుతోందా నాన్నా?" అంటే, "ఆయ్, బాగా అర్థమవుతోందండీ. మీరు చదివితేనే కాస్త నెమ్మదండీ" అంటాడు.

మరి ఫోనూ ఉంది, చదివే గొంతూ ఉంది కదా, అడ్డెక్కడ? తెలుగు పుస్తకం ఫైలులో. దీని గురించి మాట్లాడేవాళ్లు కనబడరు గనక కొంచెం వివరంగా చెబుతాను. మన ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి తెలుగు కంపోజింగ్ అను ఫాంట్లతో జరిగింది, ఇంకా జరుగుతోంది. ఆ ఫాంట్లు అందంగా ఉంటాయి, కాదనను. కానీ ఆ ఫైలులో కంప్యూటరు దాచుకునేది తెలుగు అక్షరం కాదు. ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల సంఖ్యలు దాచుకుని, వాటి మీద తెలుగు బొమ్మ తొడుగుతుంది. కంటితో చూసేవాడికి 'గోదావరి' అని ముచ్చటగా కనబడుతుంది. తెర చదివే గొంతుకు మాత్రం అక్కడ అర్థంపర్థం లేని ఇంగ్లిష్ ముక్కలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు తగులుతాయి. అది వాటినే చదువుతుంది. యూనికోడ్‌లో అయితే 'గ' అంటే ఏ కంప్యూటరులోనైనా 'గ' నే. కనుక యూనికోడ్‌లో ఉన్న తెలుగు పుస్తకం ఆ క్షణం నుంచే చూపులేనివాడికి కూడా పుస్తకం. అదే ఫైలును బ్రెయిలీగా మార్చవచ్చు, పెద్ద అక్షరాలతో అచ్చు వేయవచ్చు, గొంతుతో వినవచ్చు. ఒక్క పాఠం నుంచి అన్ని రూపాలూ వస్తాయి.

పాత పుస్తకాలది ఇంకో తంతు. స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్లో వేలల్లో ఉన్నాయి. అవి పేజీల ఫొటోలు. ఫొటోలోంచి అక్షరాన్ని గుర్తుపట్టే పద్ధతి ఇప్పుడు తెలుగుకూ వచ్చింది, మునుపటి కంటే చాలా మెరుగుపడింది. అయినా పాత అచ్చులో తలకట్టు చెరిగినచోట 'ప' ను 'వ' గా చదువుతుంది. పాలు కాస్తా వాలవుతాయి. ఒత్తులు జారిపోతాయి. ఎవరో ఒకరు కూర్చుని దిద్దాలి. తెలుగు వికీసోర్స్‌లో ఈ దిద్దుబాటు పని చేసే స్వచ్ఛంద కార్యకర్తలున్నారు. వీరేశలింగం గారి రచనలు, గురజాడ రచనలు అక్కడ యూనికోడ్‌లో దొరుకుతాయి. రచయిత పోయాక 60 ఏళ్లు గడిస్తే మన దేశంలో కాపీరైటు తీరిపోతుంది గనక వాటికి అడ్డు లేదు. రాజమండ్రిలో వీరేశలింగం గారు రాసినదాన్ని రావులపాలెంలో చూపులేని పిల్లవాడు ఎవరి సాయం లేకుండా తనంతట తాను చదువుకుంటున్నాడంటే, ఊరూ పేరూ తెలియని ఆ దిద్దినవాళ్ల పుణ్యమే.

కాపీరైటు ఉన్న పుస్తకాల సంగతేమిటని నన్ను చాలామంది అడుగుతారు. రికార్డు చేస్తే కేసు పెడతారేమోనని జంకు. ఆ భయం అక్కర్లేదు. 2012లో సవరించిన మన కాపీరైటు చట్టం ప్రకారం, మామూలు అచ్చును చదవలేని వికలాంగుల కోసం పుస్తకాన్ని వాళ్లు చదవగలిగే రూపంలోకి ఎవరైనా మార్చవచ్చు. లాభం కోసం కాకూడదు, వాళ్లకే అందాలి. మరుసటి ఏడు, 2013 జూన్‌లో, మొరాకోలోని మరాకేష్‌లో ప్రపంచ దేశాలు ఇదే విషయం మీద ఒప్పందం చేసుకున్నాయి. ఒక దేశంలో తయారైన ఇలాంటి ప్రతిని ఇంకో దేశానికి పంపుకునే వీలు దానివల్ల వచ్చింది. 2014లో దాన్ని అన్ని దేశాల కంటే ముందు ఆమోదించింది మన భారతదేశమే. 2016 సెప్టెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చింది. అదే ఏడు ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయాన్ని ప్రారంభించింది. డైసీ ఫోరం ఆఫ్ ఇండియాలోని సంస్థలు తయారుచేసిన పుస్తకాలు అందులో ఉంటాయి. చూపులేనివాళ్లు, చూపు మందగించినవాళ్లు, పుస్తకం చేత్తో పట్టుకోలేనివాళ్లు వైకల్య సర్టిఫికెట్ చూపించి సభ్యులు కావచ్చు. మా ప్రాంతంలో దీన్ని సదరం సర్టిఫికెట్ అంటారు, పింఛను కోసమనే అందరికీ తెలుసు. దానితో ఒక గ్రంథాలయం తలుపు కూడా తెరుచుకుంటుందని చెప్పేవాళ్లు లేరు. ఆ మాట చెప్పి, ఫారం నింపి పెట్టడానికి శాఖా గ్రంథాలయాన్ని మించిన చోటు ఏముంది?

అక్కడా లేని పుస్తకాలుంటాయి. వాటికి మనిషి గొంతే గతి. పుస్తకం పైకి చదవడం నాకు బడిలో అలవాటైన పనే గానీ, వినేవాడు మళ్లీ వెతుక్కునేలా చదవడం వేరే విద్య. మొదట పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం, మొత్తం పేజీలు చెప్పాలి. ప్రతి అధ్యాయానికి వేరే ఫైలు ఉండాలి. పేజీ మారినప్పుడల్లా అంకె చెప్పాలి, లేకపోతే 'నూట పన్నెండో పేజీలో ఉంది' అని ఎవరైనా అన్నప్పుడు వినేవాడు దిక్కుతోచక కూర్చుంటాడు. అధస్సూచికను వాక్యం మధ్యలో చదవకూడదు, వాక్యం ముగిశాక 'సూచిక' అని చెప్పి చదవాలి. అరుదైన పేరు వస్తే ఒక్కసారి అక్షరం అక్షరం విడదీసి చెప్పాలి, అది 'ళ' నో 'ల' నో అతనికి తెలియాలి. పట్టిక వస్తే ప్రతి అంకెకూ అది ఏ గడిలోదో మళ్లీ మళ్లీ చెప్పుకుంటూ పోవాలి. పద్యం వస్తే పాదం దగ్గర ఆగాలి, రాగం తీయకూడదు. రాగం వింటూ ఉంటే మాట వినబడదని మా కుర్రాడి ఫిర్యాదు. అభినయం కూడా ఎక్కువ చేయకూడదు. కోపం, ఏడుపు నేనే పలికించేస్తే అతను ఊహించుకోవడానికి ఏం మిగులుతుంది?

గొంతుతో చెప్పలేనివి పటాలు. చరిత్ర పుస్తకంలో గోదావరి డెల్టా పటం వచ్చినప్పుడు నేనెంత వర్ణించినా అతనికి అందలేదు. అప్పుడు మా ఇంట్లోనే ఒక అట్టముక్క మీద కొబ్బరి పీచు తాడు అంటించాను. ధవళేశ్వరం దగ్గర ఒక ముడి వేసి, అక్కడినుంచి గౌతమిని ఒక పాయగా, వసిష్ఠను ఇంకో పాయగా తిప్పాను. వసిష్ఠలోంచి వైనతేయ చీలేచోట సన్నటి పురికొస పెట్టాను. సముద్రానికి గరుకు కాగితం అంటించాను. యానానికి, అంతర్వేదికి, రావులపాలేనికి చిన్న గుండీలు కుట్టాను. అతను పైనుంచి కింది దాకా వేళ్లతో తడిమి, మన గుండీ దగ్గర ఆగి, "రెండు పాయల మధ్య ఇంత ఇరుకులో ఉన్నామాండీ మనం!" అన్నాడు. పుట్టి పెరిగిన నేల ఆకారం అతనికి అందాకా తెలియలేదు. మన జిల్లాల్లో కొబ్బరి తాడుకు కొదవ లేదు. సెలవుల్లో గ్రంథాలయంలో పిల్లల్ని కూర్చోబెట్టి ఇలాంటి పటాలు చేయించడం ఎంత పని?

పుస్తకం చదవలేనివాళ్లంటే పుట్టుకతో చూపులేనివాళ్లే అనుకుంటాం. నిజానికి ఎక్కువమంది మన ఇళ్లలోని పెద్దవాళ్లు. జీవితమంతా పేపరు చదివిన మనిషి, అక్షరం అలుక్కుపోయినట్టు కనబడటం మొదలయ్యాక మెల్లగా గ్రంథాలయం మానేస్తాడు. ఎందుకు మానేశాడో ఎవరికీ చెప్పడు. షుగరు వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్లకు, నీటికాసులు ఉన్నవాళ్లకు కళ్లద్దాలు మారిస్తే చాలదు. మిగిలిన చూపును ఎలా వాడుకోవాలో నేర్పే లో విజన్ సేవలు హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలోనూ, విశాఖపట్నం, విజయవాడల్లోని దాని ఆసుపత్రుల్లోనూ ఉన్నాయి. గ్రంథాలయం తనవంతుగా బల్ల మీద మంచి దీపం పెట్టాలి, స్టాండు ఉన్న భూతద్దం ఉంచాలి. కొన్ని పుస్తకాలైనా 18 పాయింటు అక్షరాల్లో ఉండాలి. బోర్డులు ముదురు రంగు మీద తెల్లటి పెద్ద అక్షరాలతో రాయాలి. ఇందులో ఖరీదైనది ఒక్కటీ లేదు.

వినబడనివాళ్లను గ్రంథాలయంలో అసలు గమనించం, ఎలాగూ నిశ్శబ్దంగా కూర్చునే చోటే కదా అని. పుట్టుచెవిటి పిల్లలకు తెలుగు రెండో భాష లాంటిది, మొదటిది సైగల భాష. ఢిల్లీలోని భారతీయ సైగ భాషా కేంద్రం తయారుచేసిన నిఘంటువులో 10,000 పదాలకు వీడియోలున్నాయి, ఉచితంగా చూడొచ్చు. లైబ్రేరియన్ నాలుగు పలకరింపు సైగలు నేర్చుకుంటే ఆ పిల్లవాడు రేపు మళ్లీ వస్తాడు.

బయటి ప్రపంచంలో ఈ పని ఎప్పుడో మొదలైంది. అమెరికాలో 1931లోనే చట్టం చేసి, చూపులేని పెద్దవాళ్ల కోసం పుస్తకాలు తయారుచేయించడానికి ఏటా లక్ష డాలర్లు కేటాయించారు. 1952లో పిల్లలనూ చేర్చారు. అంత దూరం ఎందుకు, చెన్నైలో 2010లో తెరిచిన అన్నా శతజయంతి గ్రంథాలయంలో బ్రెయిలీ విభాగాన్ని కింది అంతస్తులోనే పెట్టారు. తొమ్మిది అంతస్తుల భవనంలో ఎవరిని కింద కూర్చోబెట్టాలో ముందే ఆలోచించి కట్టారు. వెళ్లగలిగినవాళ్లు వెళ్లి చూసి రావాలి.

మన శాఖా గ్రంథాలయాలకు డబ్బెక్కడిదని వెంటనే అడుగుతారు. కలకత్తాలో 1972 నుంచి ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ దగ్గర పిల్లల విభాగానికి, వృద్ధుల విభాగానికి, వికలాంగుల విభాగానికి సాయం చేసే పథకం ఉంది. దరఖాస్తు గ్రంథాలయం నుంచి వెళ్లాలి, మన నుంచి వెళ్లాల్సింది గ్రంథాలయానికి అడిగే ఉత్తరం. ఆ డబ్బు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. ఉన్న కంప్యూటర్లలో ఒకదానిలో ఎన్‌వీడీఏ ఎక్కించి, చెవిలో పెట్టుకునే హెడ్‌ఫోన్ ఒకటి కొంటే ఆ రోజే ఒక పాఠకుడు చేరతాడు. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచర్లు అక్కడ ఉన్నారు. నెలకొకసారి వాళ్లనూ పిల్లలనూ గ్రంథాలయానికి పిలిస్తే, ఎవరికి ఏ రూపంలో పుస్తకం కావాలో లైబ్రేరియన్‌కు తెలుస్తుంది. నాలాంటి రిటైరైన టీచర్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. గొంతు ఇంకా గట్టిగానే ఉంది, మధ్యాహ్నాలు ఖాళీగానే ఉన్నాయి. మమ్మల్ని పిలవండి.

తెలుగు ప్రచురణకర్తలకూ రచయితలకూ నాది ఒక విన్నపం. పుస్తకం ప్రెస్సుకు వెళ్లే రోజున దాని యూనికోడ్ ప్రతి ఒకటి సుగమ్య పుస్తకాలయకు పుస్తకాలు తయారుచేసే సంస్థకు ఇవ్వండి. అను ఫాంట్లలో ఉంటే మార్చే ప్రోగ్రాములున్నాయి, తప్పులు దిద్దడానికి మనుషులమూ ఉన్నాం. దీనివల్ల అమ్మకాలు తగ్గవు. ఆ ప్రతి అందేది మీ పుస్తకాన్ని కొన్నా చదవలేనివాళ్లకే.

నవంబర్ 14 నుంచి వారం రోజులు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. వ్యాసరచన పోటీలు, ముగ్గుల పోటీలు ఎప్పుడూ ఉండేవే, ఉండనివ్వండి. ఈసారి వాటితో పాటు సభ్యత్వ రిజిస్టరులో ఒక గడి కొత్తగా గీయమని మేం అడగబోతున్నాం. పేరు, చిరునామా పక్కన 'ఏ రూపంలో చదువుతారు' అని ఉండాలి. అచ్చు, పెద్ద అచ్చు, బ్రెయిలీ, వినే పుస్తకం, యూనికోడ్ ఫైలు, ఇంటికి తెచ్చి ఇవ్వడం. మా కుర్రాడు తన పేరు ఎదురుగా మూడింటికి టిక్కు పెట్టిస్తానంటున్నాడు.